యాంటీ ట్రోజన్ సాఫ్ట్‌వేర్

పనికొచ్చే ప్రోగ్రామ్‌లా కనిపించి, వాడేవాడి చేతే ఇన్‌స్టాల్ చేయించుకుని, లోపల వేరే పని చేసే సాఫ్ట్‌వేర్‌ను ట్రోజన్ అంటారు. ట్రాయ్ నగరవాసులు శత్రువుల చెక్క గుర్రాన్ని తామే కోటలోకి లాక్కెళ్లిన గ్రీకు కథే ఈ పేరుకు మూలం. ట్రోజన్ వైరస్‌లా తనంతట తాను ఫైళ్లకు అంటుకోదు. తలుపు మనమే తీయాలి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ దొంగను పట్టే పని కోసమే యాంటీ ట్రోజన్‌లు పుట్టాయి.

1989 డిసెంబరులో జోసెఫ్ పాప్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త ఎయిడ్స్ సమాచారం పేరుతో ట్రోజన్ ఉన్న దాదాపు 20,000 ఫ్లాపీలు పోస్టులో పంపాడు. కంప్యూటర్‌ను 90 సార్లు ఆన్ చేసేదాకా ఏమీ జరిగేది కాదు. ఆ తర్వాత ఫైళ్ల పేర్లు తారుమారై, పనామాలోని ఓ పోస్టుబాక్సుకు 189 డాలర్లు పంపమని తెర మీద పడేది. 1998లో నెట్‌బస్, బ్యాక్ ఆరిఫిస్, మరుసటి ఏడాది సబ్‌సెవెన్ అనే ట్రోజన్‌లు వచ్చాయి. వీటితో ఎక్కడో కూర్చున్నవాడు మన తెర చూడగలిగాడు, మనం కొట్టే అక్షరాలు చదవగలిగాడు, సరదాకి సీడీ ట్రే కూడా తెరిచాడు. వైరస్‌ల మీదే దృష్టి పెట్టిన అప్పటి యాంటీవైరస్‌ల పక్కన టీడీఎస్-3, ది క్లీనర్, బీఓక్లీన్, ఎవిడో వంటి ప్రత్యేక సాధనాలు నిలబడ్డాయి. వాటి ఆయుష్షు తక్కువే. 2006లో ఎవిడోను ఏవీజీ తయారీదారు గ్రిసాఫ్ట్, 2007లో బీఓక్లీన్‌ను కొమోడో కొనేశాయి. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి విండోస్‌తో పాటే వచ్చే మైక్రోసాఫ్ట్ డిఫెండర్ పూర్తి యాంటీవైరస్‌గా మారింది.

తెనాలి, రేపల్లె, బాపట్ల వంటి పట్టణాల్లో ఈ బెడద ఇంటర్నెట్ కంటే ముందు పెన్‌డ్రైవ్ మీద ఊరేగింది. తెనాలి దగ్గరున్న కొల్లిపర నుంచి హాల్‌టికెట్ ప్రింటు కోసం పట్నం జిరాక్సు కొట్టుకు వెళ్లినవాడు ఇంటికొచ్చి చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లై ఉండేవి. అసలు ఫోల్డర్ ఎక్కడికీ పోదు, దాక్కుంటుంది. దాని పేరు, బొమ్మ తగిలించుకున్న షార్ట్‌కట్‌ను నొక్కగానే ముందు దొంగ ప్రోగ్రామ్ నడుస్తుంది, వెంటనే ఫోల్డరూ తెరుచుకుంటుంది. కనుక అనుమానమే రాదు. జాతికి ఇది తనంతట తాను పాకే వర్మ్, వేషం ట్రోజన్‌ది.

ఈ రోగానికి మందు హైదరాబాద్‌లోనే తయారైంది. 2017 ఫిబ్రవరి 21న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆధ్వర్యంలో మొదలైన సైబర్ స్వచ్ఛతా కేంద్రం ఉచితంగా ఇచ్చిన సాధనాల్లో యూఎస్‌బీ ప్రతిరోధ్, యాప్‌సంవిద్ ప్రభుత్వ పరిశోధన సంస్థ సీడాక్ హైదరాబాద్ కేంద్రం రూపొందించినవే. మొదటిది అనుమతి లేని పెన్‌డ్రైవ్‌ను ఆపుతుంది. రెండోది మనం ఒప్పుకున్న ప్రోగ్రామ్‌లనే నడవనిస్తుంది. ఆ ఏడాది మే నెలలోనే ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వాన్నాక్రై గుంటూరు సహా పలు జిల్లాల్లో ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లను తాకింది. అది ట్రోజన్‌లా మన అనుమతి అడగదు, విండోస్ లొసుగులోంచి దూరుతుంది. ఆ లొసుగుకు మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ మార్చిలోనే వచ్చింది, వేసుకోనివాళ్లే దొరికిపోయారు.

ఇంటి కంప్యూటర్‌కు ఇవాళ విడిగా యాంటీ ట్రోజన్ కొననక్కర్లేదు. అప్‌డేట్ అవుతున్న డిఫెండర్ సరిపోతుంది. నిత్యం కాపలా కాసే యాంటీవైరస్‌లు రెండు పెడితే ఒకదానికొకటి అడ్డుపడి కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది. అనుమానం వచ్చినప్పుడు మాత్రం మరో కంపెనీ స్కానర్‌తో ఒకసారి వెతికించడం మంచిది. రోజువారీ పనికి అడ్మిన్ హక్కుల్లేని ఖాతా వాడితే సగం గొడవ వదులుతుంది. బ్రౌజర్లో ఎగిరిపడి ‘మీ కంప్యూటర్‌లో వైరస్‌లున్నాయి’ అని బెదిరించే ఉచిత యాంటీవైరస్ చాలాసార్లు తానే ట్రోజన్.

అసలు చిల్లు మాత్రం దొంగ కాపీల దగ్గరే ఉంది. క్రాక్ చేసిన డీటీపీ సాఫ్ట్‌వేర్ వెంట వచ్చే నోట్‌ప్యాడ్ ఫైల్లో మొదటి వాక్యమే ‘యాంటీవైరస్ ఆపేయండి’ అని ఉంటుంది, మనం ఆపేస్తాం. ఇక ఏ కాపలా ఉండి ఏం లాభం? ఇప్పుడు అదే ఎత్తు ఫోన్‌కు మారింది. పెళ్లి శుభలేఖ, పీఎం కిసాన్, ట్రాఫిక్ చలానా పేర్లతో వాట్సాప్‌లో ఆండ్రాయిడ్ యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఏపీకే ఫైళ్లు తిరుగుతున్నాయి.

ట్రోజన్ దూరిందనిపిస్తే ముందు నెట్ తీసేసి, వేరే పరికరం నుంచి పాస్‌వర్డ్‌లు మార్చుకోవాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.