సరూర్‌నగర్ చెరువు: ఆమ్ల వర్షం, నీటి క్షారత, పరిశీలన

హైదరాబాద్ తూర్పు భాగంలో దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌ల మధ్య, విజయవాడ రహదారికి దక్షిణాన ఉన్న సరూర్‌నగర్ చెరువు 1626లో ఏర్పడినదిగా ప్రసిద్ధి. చుట్టుపక్కల పొలాలు కాలనీలుగా మారాక వాననీటితో పాటు మురుగు కూడా నాలాల గుండా ఇందులోకి చేరసాగింది. 2003-04లో అప్పటి హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) దీనిని పునరుద్ధరించింది.

గాలిలోని బొగ్గుపులుసు వాయువు కరగడం వల్ల స్వచ్ఛమైన వాననీటికి సైతం కొంత ఆమ్లగుణం ఉండి, దాని పీహెచ్ సుమారు 5.6 ఉంటుంది. బొగ్గు, చమురు మండించగా వెలువడే గంధక, నత్రజని ఆక్సైడ్లు ఆమ్లాలుగా మారి వానలో కలిసినప్పుడు పీహెచ్ అంతకంటే పడిపోతుంది. దీనినే ఆమ్ల వర్షం అంటారు. దక్షిణ నార్వే కొండ సరస్సులలో, నదులలో 20వ శతాబ్దంలో చేపలు నశించింది ఇందువల్లే.

ఆ కొండల రాయి గ్రానైటు, నైస్. హైదరాబాద్ నేల కింద ఉన్నదీ గ్రానైటే. అయినా ఫలితం వేరు. అక్కడ పలచని మట్టిలో సున్నం దాదాపు లేదు కనుక ఆమ్లాన్ని అడ్డుకునే శక్తి, అంటే క్షారత, త్వరగా హరించుకుపోయింది. తెలంగాణ మెట్ట నేలల్లో సున్నపు గులకలు పేరుకుని ఉంటాయి, ఎండాకాలపు దుమ్ములో కాల్షియం ఉంటుంది, నగరపు చెరువులలో చేరే మురుగు బైకార్బొనేట్‌ను మోసుకొస్తుంది. అందువల్ల వానతో వచ్చే ఆమ్లం ఇక్కడ చాలావరకు విరిగిపోతుంది. అలాగని వానను లెక్కలోంచి తీసివేయడం తగదు. భారత వాతావరణ శాఖ వాననీటి రసాయన పరిశీలనకు 1974 నుంచి నెలకొల్పిన పది కేంద్రాలలో విశాఖపట్నం ఒకటి. వీటిలో చాలాచోట్ల దశాబ్దాలు గడిచేకొద్దీ వాన పీహెచ్ తగ్గుతూ వచ్చింది.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణ ప్రకారం చేపల పెంపకానికి, వన్యప్రాణులకు పనికివచ్చే 'డి' తరగతి నీటిలో పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య, కరిగిన ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా, స్వేచ్ఛా అమ్మోనియా 1.2 మిల్లీగ్రాములకు మించకుండా ఉండాలి. ఇలాంటి చెరువులో ఈ అంకెలను నమూనా తీసిన వేళతో కలిపి చదవకపోతే మోసపోవలసి వస్తుంది. పగటిపూట నాచు బొగ్గుపులుసు వాయువును పీల్చుకోవడంతో పీహెచ్ పెరుగుతుంది, ఆక్సిజన్ కూడా పెరుగుతుంది. రాత్రి శ్వాసక్రియ వల్ల రెండూ పడిపోతాయి. మధ్యాహ్నపు నమూనాలో ఆరోగ్యంగా కనిపించిన నీటిలోనే తెల్లవారుజామున చేపలు తేలవచ్చు. మురుగులోని అమ్మోనియా సంగతి మరీ ముఖ్యం: పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే దాని విషరూపం దాదాపు పదింతలవుతుంది. ఆమ్లం వల్ల చేపలు చచ్చిన నార్వేకు ఇది సరిగ్గా తలకిందుల ప్రమాదం.

ఆక్సిజన్‌ను కొలవడానికి విన్‌క్లర్ పద్ధతిలో సీసాను గాలిబుడగ చొరబడకుండా నింపి, గట్టు మీదనే మాంగనీస్ సల్ఫేట్, క్షారంతో కలిసిన అయోడైడ్ చేర్చి బిరడా బిగిస్తారు. అడుగున గోధుమరంగు మడ్డి పేరుకుంటే ఆక్సిజన్ ఉన్నట్టు, మడ్డి తెల్లగానే ఉండిపోతే లేనట్టు. గుర్రపుడెక్క కమ్మిన చోట వెలుతురు, గాలి రెండూ నీటికి అందవు గనుక, అక్కడి సీసాకూ తేటనీటి సీసాకూ పొంతన కుదరకపోవచ్చు. ఒకేచోట తీసిన నమూనా చెరువంతటికీ ప్రతినిధి కాలేదు.

వినాయక నిమజ్జనం ఇంకో చిక్కు తెచ్చిపెడుతుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అసలు కాల్షియం సల్ఫేటే. ఆ విగ్రహాలు నానిన నీటిలో ఆమ్లమేమీ చేరకుండానే సల్ఫేట్ పెరుగుతుంది. ఆమ్ల వర్షానికి గుర్తుగా సల్ఫేట్‌ను చూసే కొండ సరస్సుల పద్ధతి ఇక్కడ యథాతథంగా పనికిరాదు. కేంద్ర మండలి మార్గదర్శకాలు నిమజ్జనానికి ముందు, నిమజ్జన సమయంలో, ఆ తర్వాత నీటిని పరీక్షించమంటున్నాయి. ఆ మూడు విడతలలోనూ సల్ఫేట్‌తో పాటు క్షారతను, కాల్షియంను కొలిచినప్పుడే వాన వాటా ఎంతో, విగ్రహాల వాటా ఎంతో విడదీయడం సాధ్యమవుతుంది.