యారో మొక్కల మార్పిడి ప్రయోగాలు

కాలిఫోర్నియాలో పసిఫిక్ తీరం నుంచి సియెరా నెవాడా పర్వతాల పైదాకా యారో (అకిలియా) మొక్క పెరుగుతుంది. లోయల్లో ఏపుగా ఉంటుంది, కొండ ఎక్కేకొద్దీ పొట్టిదవుతుంది. ఇది జన్యువుల పనా, చలి పనా? కార్నెగీ సంస్థ శాస్త్రవేత్తలు జెన్స్ క్లాసెన్, డేవిడ్ కెక్, విలియం హీసీ దీన్ని నాటి చూసి తేల్చారు.

వారి పద్ధతి ఎంతో తేటగా ఉంటుంది. ఒకే మొక్క దుబ్బును చీల్చి, ఆ ముక్కలను మూడు తోటల్లో నాటారు: స్టాన్‌ఫర్డ్ (సుమారు 30 మీటర్ల ఎత్తు), మేథర్ (1,400), టింబర్‌లైన్ (3,050). ముక్కలన్నిటిలో జన్యువులు ఒకటే కనుక, వాటి మధ్య కనిపించే తేడా పరిసరాలది. ఒకే తోటలో, వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన మొక్కల మధ్య నిలిచే తేడా మాత్రం ప్రధానంగా జన్యువులది.

రెండు రకాల తేడాలూ కనిపించాయి. పర్వత మొక్కలు వెచ్చని స్టాన్‌ఫర్డ్‌లోనూ పొట్టిగానే ఉండిపోయాయి. తీరపు మొక్కలు టింబర్‌లైన్ చలికాలాన్ని చాలావరకు తట్టుకోలేకపోయాయి. అంతకన్నా విలువైన సంగతి మరొకటి ఉంది: ఒక తోటలో బాగా పెరిగిన మొక్క మరో తోటలో వెనకబడవచ్చు. అంటే మొక్క ఎత్తులో జన్యువుల వాటా ఇంత, వాతావరణం వాటా ఇంత అని అన్ని చోట్లకూ వర్తించే ఒకే లెక్క కట్టలేం.

ఇలా స్థానిక పరిస్థితులకు జన్యుపరంగా అమరిన రూపాలకు స్వీడన్ శాస్త్రవేత్త గోటె ట్యూరెసన్ 1922లో ‘ఎకోటైప్’ అని పేరు పెట్టాడు. యారో ఫలితాలు 1948లో వెలువడ్డాయి.