మొటిమలు: కారణాలు, చికిత్సల చరిత్ర

మొటిమలు రోమకూపానికీ, దానిని అంటిపెట్టుకుని ఉండే తైలగ్రంథికీ వచ్చే దీర్ఘకాలిక చర్మవ్యాధి. తైలగ్రంథులు పెద్దవిగా, దట్టంగా ఉండే ముఖం, ఛాతీ, వీపు, భుజాల మీదే ఇవి లేస్తాయి. అరచేతుల్లో, అరికాళ్లలో ఆ గ్రంథులే లేవు కనుక అక్కడ రావు. ఈడు వచ్చే వయసులో మొదలై చాలామందికి ఇరవై దాటాక తగ్గుతాయి. కొందరు స్త్రీలను మాత్రం ముప్పై, నలభై ఏళ్లలోనూ వదలవు. ‘వయసు మొటిమలే, వాటంతట అవే పోతాయి’ అని పెద్దవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. మొటిమలు పోవచ్చు గానీ, లోతుగా వచ్చినవి మిగిల్చే గుంటలు జీవితాంతం ఉండిపోతాయి. ఈ వ్యాధి చరిత్రలో చాలా భాగం రోగినే తప్పుపట్టిన చరిత్ర. మొహం సరిగా కడుక్కోలేదన్నారు, నోరు కట్టుకోలేదన్నారు, మనసు అదుపులో లేదన్నారు.

ప్రాచీన వైద్యం

సుశ్రుత సంహిత మొటిమలను క్షుద్రరోగాల్లో (చిన్న వ్యాధుల్లో) చేర్చి, వాటికి ‘ముఖదూషిక’ అని పేరు పెట్టింది. యువకుల ముఖం మీద బూరుగు ముళ్లలాంటి పొక్కులు వస్తాయనీ, కఫం, వాతం, రక్తం చెడడం వల్ల పుడతాయనీ చెప్పింది. బూరుగు మాను మీది ముల్లు మొదట్లో వెడల్పుగా, బొడిపెలా ఉండి కొనకు సన్నబడుతుంది. గట్టిపడ్డ మొటిమను దగ్గరగా చూసినవారికే తోచే పోలిక ఇది. వ్యాధిని యౌవనంతో ముడిపెట్టడం కూడా సరైన పరిశీలనే. వస, లొద్దుగ చెక్క, సైంధవ లవణం, ఆవాలు నూరి పట్టించే లేపం ఆనాటి చికిత్సల్లో ఒకటి. రోమ్‌లో 1వ శతాబ్దపు రచయిత సెల్సస్ మాత్రం ఇలాంటి వాటికి వైద్యం చేయడం దాదాపు వృథా అనీ, స్త్రీలు అందం మీద శ్రద్ధ మానరు కనుక చెప్పక తప్పడం లేదనీ రాశాడు. ఆ చిన్నచూపు చాలాకాలం నిలిచింది.

కారణాల అన్వేషణ

1813లో లండన్ వైద్యుడు థామస్ బేట్‌మన్ తన చర్మవ్యాధుల గ్రంథంలో మొటిమలను రకాలుగా వర్గీకరించాడు. 1896లో జర్మన్ వైద్యుడు పాల్ గెర్సన్ ఉన్నా మొటిమల్లో ఒక బాక్టీరియాను గుర్తించాడు. నేడు దాని పేరు క్యూటీబాక్టీరియం ఆక్నెస్. అది ఆరోగ్యవంతుల చర్మం మీద కూడా ఉంటుంది కాబట్టి దాని ఒక్కదానితో వ్యాధి కారణం తేలలేదు. ఆ కాలపు యూరప్‌లో హస్తప్రయోగం వల్ల మొటిమలు వస్తాయన్న నమ్మకం బలంగా ఉండేది. ఎందరో పిల్లలు మొహం చూపించుకోలేని స్థితికి రావడానికి ఆ అబద్ధం కారణమైంది.

1941లో అమెరికన్ శాస్త్రవేత్త జేమ్స్ హామిల్టన్ అసలు సూత్రధారిని పట్టుకున్నాడు. ఈడు రాకముందే వృషణాలు కోల్పోయినవారికి మొటిమలు రావనీ, వారికి టెస్టోస్టిరాన్ ఇస్తే వస్తాయనీ చూపించాడు. స్త్రీ పురుషులిద్దరిలోనూ ఉండే ఆండ్రోజన్ హార్మోన్లు ఈడు వచ్చేటప్పుడు పెరిగి, తైలగ్రంథి చేత ఎక్కువ జిడ్డు ఊరిస్తాయి. రోమకూపం లోపలి మృతకణాలు రాలిపోకుండా ఆ జిడ్డుతో కలిసి దారి మూసేస్తాయి. మూసుకున్న చోట బాక్టీరియా పెరుగుతుంది, శరీరం దానిపై తిరగబడుతుంది, ఎరుపు, వాపు, చీము వస్తాయి. రంధ్రం తెరుచుకుని ఉంటే బ్లాక్‌హెడ్ అవుతుంది. దాని నలుపు మురికి కాదు. చర్మంలోని మెలనిన్‌తో, గాలి తగిలి మారిన జిడ్డుతో వచ్చే రంగు. రోజుకు పదిసార్లు సబ్బు రుద్దినా అది పోదు, చర్మం మాత్రం మండుతుంది.

వంశపారంపర్యం పాత్ర పెద్దది. 2002లో లండన్‌లో కవల స్త్రీలపై జరిగిన అధ్యయనం, మొటిమల్లో కనిపించే తేడాల్లో 81 శాతం జన్యువులవల్లే అని లెక్కగట్టింది. పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉన్న స్త్రీలకు, స్టెరాయిడ్లు, లిథియం, క్షయకు వాడే ఐసోనియాజిడ్ వంటి మందులు తీసుకునేవారికి, కండలు పెంచుకోవడానికి జిమ్‌లలో అనబాలిక్ స్టెరాయిడ్లు వాడేవారికి కూడా ఇవి వస్తాయి. తలకు దట్టంగా పట్టించే నూనె నుదుటి మీదికి జారి రంధ్రాలను మూయడం మరో కారణం.

తిండి విషయంలో వాదన ఇంకా నడుస్తున్నది. 1969లో ఫిలడెల్ఫియాలో జరిగిన పరీక్ష చాక్లెట్‌కు క్లీన్ చిట్ ఇచ్చింది. అయితే దానికి డబ్బిచ్చింది చాక్లెట్ తయారీదారుల సంఘం. పోలిక కోసం ఇచ్చిన మిఠాయిలో కూడా చక్కెర, కొవ్వు దాదాపు అంతే ఉన్నాయి. అలాంటి పరీక్షను పట్టుకుని దశాబ్దాలపాటు తిండికీ మొటిమలకూ సంబంధం లేదనడం పొరపాటు. 2007లో ఆస్ట్రేలియాలో 43 మంది యువకులపై 12 వారాలు చేసిన ప్రయోగంలో, రక్తంలో చక్కెరను వేగంగా పెంచని ఆహారం తిన్నవారికి మొటిమలు ఎక్కువగా తగ్గాయి. అంతమాత్రాన తిండి మార్చితే చాలునని కాదు.

చికిత్సలు

20వ శతాబ్దం తొలి సగంలో గంధకం లేపనాలతోపాటు ఎక్స్‌రే చికిత్స కూడా మామూలుగా చేసేవారు. గ్రంథులు ఎండిపోయి మొటిమలు తగ్గేవి, కానీ ఏళ్ల తర్వాత కొందరికి థైరాయిడ్, చర్మ కేన్సర్లు వచ్చాయి.

తర్వాతి మలుపులో ఒక తెలుగువాడి ప్రయోగశాల ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధన డైరెక్టర్‌గా ఉన్నప్పుడు, ఆయన బృందంలోని బెంజమిన్ డగ్గర్ మిస్సోరి మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను వెలికితీశాడు. అది 1948లో వెలుగు చూసింది. టెట్రాసైక్లిన్లనే యాంటీబయాటిక్‌ల కుటుంబంలో అదే మొదటిది. 1950ల నుంచి ఈ మందులు మొటిమల చికిత్సకు వెన్నెముక అయ్యాయి. ఆ కుటుంబానిదే అయిన డాక్సీసైక్లిన్‌ను వైద్యులు ఇప్పటికీ రాస్తున్నారు. విచ్చలవిడి వాడకంతో బాక్టీరియా మొండికేయడం వల్ల యాంటీబయాటిక్‌ను ఒంటరిగా వాడవద్దనీ, మూడు నాలుగు నెలలకు మించనివ్వవద్దనీ నేటి నియమం. తోడుగా ఇచ్చే బెంజాయిల్ పెరాక్సైడ్‌కు బాక్టీరియా అలవాటు పడదు. అది రంగు దిండుగలీబులకు, తువ్వాళ్లకు అంటితే రంగు వెలిసిపోతుంది.

మూసుకున్న రోమకూపాన్నే తెరిచే మందు విటమిన్-ఎ నుంచి వచ్చింది. 1969లో ఆల్బర్ట్ క్లిగ్‌మన్, సహచరులు ట్రెటినాయిన్ ఫలితాలు ప్రకటించారు. ఇదే క్లిగ్‌మన్ ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైల్లో ఖైదీల చర్మంపై ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. మందు గొప్పదైనంత మాత్రాన ఆ అన్యాయం చిన్నదైపోదు. 1979లో గ్యారీ పెక్ బృందం తీవ్రమైన మొటిమలకు ఐసోట్రెటినాయిన్ బిళ్లల ఫలితాలు వెల్లడించింది. 1982లో అమెరికా అనుమతించింది. తైలగ్రంథినే కుదించే ఈ మందు ఎందరికో కొత్త ముఖం ఇచ్చింది. అయితే గర్భిణి వాడితే పుట్టే బిడ్డకు తీవ్రమైన అవయవ లోపాలు రావచ్చు. కనుక గర్భం దాల్చే వయసు స్త్రీలు వైద్యుల పర్యవేక్షణలో, గర్భనిరోధం పాటిస్తూనే వాడాలి.

మన దగ్గర

తెలుగు ఇళ్లలో జాజికాయను పాలతో అరగదీసి, గంధం, పసుపు కలిపి మొటిమ మీద పెట్టడం పాత అలవాటు. ‘వేడి చేసింది’ అంటూ సబ్జా నీళ్లు తాగిస్తారు. వీటివల్ల పెద్దగా హాని లేదు, లోతైన మొటిమలు తగ్గవు కూడా. నిమ్మరసం, టూత్‌పేస్టు మాత్రం చర్మాన్ని కాలుస్తాయి. అన్నిటికంటే ప్రమాదం, మందుల షాపులో అడిగి కొనుక్కునే బీటామెథసోన్, క్లోబెటసాల్ వంటి స్టెరాయిడ్ క్రీములు. నాలుగు రోజులు ముఖం తెల్లబడి నున్నగా కనిపిస్తుంది. ఆపగానే ఎర్రబారి, చర్మం పలచబడి, మొటిమలు రెట్టింపవుతాయి. ఈ బెడదపై భారత చర్మవైద్యుల సంఘం పోరాడగా, 2018లో కేంద్ర ప్రభుత్వం 14 స్టెరాయిడ్ పూతమందులను ప్రిస్క్రిప్షన్ తప్పనిసరి జాబితాలో చేర్చింది.

చామనఛాయ చర్మం మీద మొటిమ తగ్గినా నల్లమచ్చ నెలల తరబడి ఉంటుంది. గిల్లితే అది ముదురుతుంది, గుంట పడుతుంది. రాత్రిపూట శనగగింజంత రెటినాయిడ్‌ను (ట్రెటినాయిన్ వంటి విటమిన్-ఎ పూతమందును) ముఖమంతా పలచగా రాసుకోవాలి, పగలు సన్‌స్క్రీన్ వాడాలి. గర్భిణులు రెటినాయిడ్ పూతలూ వాడకూడదు. మొదటి వారాల్లో చర్మం పొడిబారి, పొట్టు లేచి, మొటిమలు కాస్త ఎక్కువైనట్టు అనిపిస్తుంది. చాలామంది అక్కడే మందు మానేస్తారు. పని తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది, అంతవరకు ఓపిక పట్టండి. గడ్డల్లాంటి మొటిమలు, గుంటలు కనిపిస్తే మాత్రం ఆగకుండా చర్మవైద్యులకు చూపించండి.