తొడుగు పలచబడిన కథ

మందమర్రి కళ్యాణి ఖని బొగ్గు బాయిల దగ్గర మస్టర్ (హాజరు) పడి, టోపీ దీపం అందుకున్నాకే కార్మికుడు లోపలికి దిగుతాడు. లోపం ఉంటే పైనే బయటపడాలి. వెబ్ పేజీలోని బటన్లను, పట్టికలను టైపులున్న (ఏ విలువ ఏ రకమో ముందే తేల్చే) భాషల్లోకి తెచ్చుకోవడం వెనక ఉన్నదీ ఈ జాగ్రత్తే: తప్పు ప్రోగ్రామ్ నడవకముందే దొరకాలి.

1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తొలిరూపమిచ్చిన జావాస్క్రిప్ట్‌కు ఆ కాపలా లేదు. 1998 అక్టోబరులో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఖరారు చేసిన, పేజీని ప్రోగ్రాములకు అందించే మొదటి ‘డామ్’ ప్రమాణం మాత్రం పేజీ మూలకాలను ఏ ఒక్క భాషకూ చెందని వర్ణన భాష ఐడీఎల్‌లో వర్ణించి, జావాకు, జావాస్క్రిప్ట్‌కు విడివిడి రూపాలు ఇచ్చింది. టైపులు కాగితం మీద ఉన్నాయి. బ్రౌజరుకు రాసేవాడి చేతికి అందలేదు.

వాటిని అందించే తొలి ఉపాయం తొడుగు. అసలు మూలకాన్ని లోపల పెట్టుకున్న మరో వస్తువును తయారుచేసి, దానికి టైపు ఇవ్వడం. చిక్కు అక్కడే వచ్చింది. ఒకే బటన్‌కు రెండుసార్లు తొడుగేస్తే రెండు వస్తువులవుతాయి. రెండూ ఒకటేనా అని ప్రోగ్రామ్ అడిగితే కాదనే జవాబు వస్తుంది. పైగా ప్రతి తొడుగూ మెమరీ తింటుంది.

జావాను జావాస్క్రిప్ట్‌గా మార్చే జీడబ్ల్యూటీని గూగుల్ 2006లో విడుదల చేసింది. 2008 నాటి 1.5 వెర్షన్‌లోని ఓవర్‌లే టైపులు జావా టైపును నేరుగా బ్రౌజరు వస్తువు మీదే పరిచాయి. కంపైల్ అయ్యాక అదనపు వస్తువేదీ మిగలదు. 2012 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ తెచ్చిన టైప్‌స్క్రిప్ట్ అసలు తొడుగే వేయలేదు. మూలకాల వివరాలు ప్రకటనల ఫైలులో ఉంటాయి, తనిఖీ అయ్యాక టైపులు చెరిగిపోతాయి. తొడుగుల దారిలో మొదలైన డార్ట్ భాష కూడా 2024 ఫిబ్రవరిలో 3.3 వెర్షన్‌తో, నడిచేటప్పుడు భారం వేయని ఎక్స్‌టెన్షన్ టైపులకు చేరింది.

1998 నాటి వర్ణన కూడా వృథా పోలేదు. దాని వారసురాలైన వెబ్ ఐడీఎల్‌ను ఇప్పుడు యంత్రాలే చదివి టైప్‌స్క్రిప్ట్ ప్రకటనలను, రస్ట్ భాషకు వెబ్-సిస్ లైబ్రరీని పుట్టిస్తున్నాయి.

తొడుగు మాయమైనా ఒక ముప్పు మిగిలింది. పేజీలో ఉన్నది ఇన్‌పుట్ పెట్టే అని ప్రోగ్రామర్ ఒట్టేస్తే టైప్‌స్క్రిప్ట్ నమ్ముతుంది. నడిచేటప్పుడు అక్కడ మరొకటి ఉంటే పట్టుకునేవాడు లేడు. మస్టర్ పడ్డంత మాత్రాన బాయి కప్పు గట్టిదైపోదు. లోపలికి దిగినవాడు కర్రతో తట్టి చూసుకోవాల్సిందే.