నావల్ టాక్టికల్ డేటా సిస్టమ్

అమెరికా నౌకాదళం యుద్ధనౌకల్లో డిజిటల్ కంప్యూటర్లను పోరాట నిర్వహణకు వాడేందుకు రూపొందించిన వ్యవస్థ ఇది. సంక్షిప్తంగా ఎన్‌టీడీఎస్ అంటారు. 1956లో ప్రాజెక్టుగా ఆమోదం పొంది, 1960ల మొదట్లో నౌకలకెక్కింది.

రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్‌కు చిక్కిన విమానాలను నావికులు పారదర్శకమైన పలక మీద గ్రీజు పెన్సిల్‌తో గుర్తించేవారు. అవతలివైపు నిలబడ్డ అధికారి చదువుకునేలా అంకెలను తిరగేసి రాసేవారు. 1945లో ఒకినావా దగ్గర కామికాజీలు, అంటే జపాన్ ఆత్మాహుతి విమానాలు, గుంపులుగా మీద పడినప్పుడు ఆ చేతులు అందుకోలేకపోయాయి. ఆపై జెట్ల వేగం ముప్పును పెంచింది. కెనడా ఇదే సమస్యకు డేటార్ అనే వ్యవస్థను కట్టి 1953లో ఒంటారియో సరస్సులో పరీక్షించింది. వేలాది వాక్యూమ్ ట్యూబులతో నడిచిన ఆ ప్రయత్నం ఖర్చు భరించలేక ఆగిపోయింది.

ఎన్‌టీడీఎస్‌కు రూపం ఇచ్చినవారు ఇద్దరు నౌకాదళ అధికారులు: రాడార్ తెలిసిన ఇర్విన్ మెక్‌నాలీ, కంప్యూటర్లు తెలిసిన ఎడ్వర్డ్ స్వెండ్సెన్. ట్యూబుల బదులు ట్రాన్సిస్టర్లను ఎంచుకున్నారు. నౌకకో పెద్ద యంత్రం కాకుండా, ఒకే తరహా చిన్న కంప్యూటర్లను నౌక అవసరాన్ని బట్టి ఒకటో, రెండో, ఎక్కువో కలపాలన్నది వారి ఆలోచన. ఒకటి చెడితే మిగిలినవి ముఖ్యమైన పనిని నడిపిస్తాయి. ప్రాజెక్టును నిలబెట్టిన నిర్ణయం ఇదేనని చెప్పాలి. తొలి కంప్యూటర్‌ను యునివాక్ సంస్థలో సేమూర్ క్రే రూపొందించాడు. దాన్ని మెరుగుపరచి నౌకలకు ఇచ్చిన రూపంలో 30 బిట్ల పదాలు 32,768 దాచుకునే మెమరీ ఉండేది. తెరలు హ్యూస్ సంస్థవి. నౌకల కంప్యూటర్లు లింక్ 11 అనే రేడియో మార్గంలో నేరుగా సమాచారం ఇచ్చిపుచ్చుకునేవి.

యంత్రాల కన్నా ప్రోగ్రామ్‌లే ఎక్కువ తిప్పలు పెట్టాయి. శాన్ డియాగోలో నేల మీద కూర్చి చూశాక, 1961-62లో ఒరిస్కనీ విమానవాహక నౌకలోనూ, కింగ్, మహాన్ నౌకల్లోనూ పరీక్షించారు. ప్రోగ్రామ్‌ల బాధ్యత పూర్తిగా తయారీదారుకే వదలకుండా, శాన్ డియాగోలో, వర్జీనియాలోని డామ్ నెక్‌లో నౌకాదళం సొంత కేంద్రాలు పెట్టుకుంది. సముద్రం మీద పనిచేసిన మనుషులకే ప్రోగ్రామ్‌లు రాయడం నేర్పడం ఎంతో మంచి పని. కాల్పుల నిర్ణయం యంత్రం చేతికి పోతుందేమోనన్న శంక చాలామంది అధికారుల్లో ఉండేది. అందుకే ఏ లక్ష్యానికి ఏ ఆయుధం తగునో కంప్యూటర్ సూచించేది, ఔనో కాదో మనిషే చెప్పేవాడు.

వియత్నాం యుద్ధంలో ఈ అమరిక నిగ్గు తేలింది. 1972లో టోంకిన్ సింధుశాఖలో చికాగో క్రూయిజర్ మీద ఎన్‌టీడీఎస్ తెర ముందు కూర్చున్న లారీ నోవెల్ అనే నావికుడు అమెరికా పైలట్లకు దారి చూపి, శత్రువుల 12 మిగ్ విమానాలను కూల్చడంలో తోడ్పడ్డాడు.