హాజరుపట్టీలో మన చరిత్ర

ఊరి చరిత్ర తెలిసికొనగోరువారు కోటలను, శాసనములను వెదకుట వాడుక. గంజాము సీమలో తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబముల చరిత్రలో పెద్ద భాగము పాఠశాలల హాజరుపట్టీలలో నున్నదని మా అభిప్రాయము. బరంపురములోని ఒక ఉన్నత పాఠశాలలో, తెలుగు తరగతిలో, ఒకే యేట చదువు ముగించినవారము మేము. నేడు అందరము అరువది దాటినవారమే. కలిసికొన్నప్పుడెల్ల ఆ నాళ్ళ ముచ్చటలు వచ్చును. ఆ ముచ్చటల వెనుకనున్న చరిత్రను నేటి పిల్లల కొరకు ఇచట కొంత చెప్పదలచితిమి.

బరంపురమునకు ఉన్నతవిద్య క్రొత్తది కాదు. 1856లో ఇచట జిల్లా పాఠశాల వెలసినది. 1878లో అది కళాశాల యైనది. పిమ్మట కళ్ళికోట రాజావారి విరాళము వలన ఆ సంస్థానము పేరే దానికి స్థిరపడినది. నాడు గంజాము మదరాసు రాజధానిలోని జిల్లా. 1894లో బరంపురమున జన్మించిన వరాహగిరి వేంకటగిరిగారు ఆ కళాశాలలోనే చదివి, 1969లో భారత రాష్ట్రపతులైరి. నాడు గంజాము జిల్లాలోనిదై, 1992లో గజపతి జిల్లాకు కేంద్రమైన పర్లాకిమిడిలో గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1880లో ఉపాధ్యాయులుగా చేరిరి. సవర పిల్లలకు తమ ఇంటి భాషలోనే చదువు మొదలు కావలెనని తలచి, వారు స్వయముగా సవర భాష నేర్చుకొని, అందు వాచకములు రచించి, బడులు పెట్టించిరి. పిల్లవానికి మొదటి అక్షరము తల్లి పలుకులో నందవలెనను మాట మన సీమలో అంతటి పెద్దవారు ఆచరించి చూపినదే.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడి, గంజాములో చాల భాగము అందు చేరినది. ఒడియా సోదరులు 1903లో ఉత్కళ సమ్మేళనము నాటినుండి చేసిన కృషి ఆనాడు ఫలించినది. మన కుటుంబములు ఉన్నచోటనే యున్నవి. వీధి మారలేదు, ఇల్లు మారలేదు, రాజధాని మారినది. 1943లో ఉత్కళ విశ్వవిద్యాలయము వచ్చెను. 1953 నాటి చట్టముతో ఉన్నత పాఠశాలల పరీక్షలకు ప్రత్యేకముగా బోర్డు ఏర్పడెను. మాలో కొందరి ఇండ్లలో తాతగారి పట్టాపై మదరాసు పేరును, మా పట్టాపై ఒరిస్సా పేరును ఉన్నవి. 2011లో రాష్ట్రము పేరు ఒడిశాగా మారినందున మా మనుమల పట్టాలపై ఆ పేరుండును. మూడు తరములు, మూడు పేర్లు, ఒకే ఇల్లు!

రాష్ట్రము మారినపుడు మన పిల్లల తెలుగు చదువునకు ఆధార మేమి? 1949 ఆగస్టులో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము ఒక నియమము చేసినది. ప్రాథమిక పాఠశాల మొత్తములో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఒక భాష మాతృభాషగా గలవారున్నచో, ఆ భాషలో బోధించుటకు ఒక ఉపాధ్యాయుని నియమింపవలెను. 1956లో జరిగిన ఏడవ సవరణతో ప్రాథమిక దశలో మాతృభాషా బోధనము రాజ్యాంగమున 350-ఎ అధికరణమై నిలిచినది. ఉన్నత పాఠశాలలకు పై నాలుగు తరగతులలో కలిసి 60 మంది, ఒక్కొక తరగతిలో 15 మంది అను లెక్క వచ్చినది. విద్యాసంవత్సరమునకు ముందే అట్టి పిల్లల పేర్లు నమోదు చేయు పుస్తకముంచవలెననియు రక్షణ నియమములలో కలదు.

చదువుకొను నాళ్ళలో మాకీ నియమములు తెలియవు. పిమ్మట గుమాస్తాగిరిలో దస్త్రముల నడుమ బ్రదుకు గడపినందున, పుస్తకములో వ్రాసిన పేరునకు గల విలువ తెలిసినది. వేసవి సెలవులలో మా తెలుగు మాస్టారు గొడుగు పట్టుకొని నేతగాండ్ర వీధులలో ఇంటింటికి తిరుగుట మేమందరము ఎరుగుదుము. మగ్గము మీద పట్టుచీర నేయు తండ్రిని పలుకరించి, "పిల్లవాని పేరు తెలుగు తరగతిలో వ్రాయించండి బాబూ" అని అడిగెడివారు. ఆ యింటింటి తిరుగుట వలననే ఏటేట లెక్క నిండినది, తరగతి నిలిచినది.

మాలో నేతవారి పిల్లలు, చిల్లర వర్తకుల పిల్లలు, చిన్న ఉద్యోగుల పిల్లలు ఉండిరి. తెలుగు పుస్తకములు ఆలస్యముగా వచ్చెడివి. పై తరగతివారి పాతపుస్తకములే మాకు చేతులు మారెడివి. దొరకని పాఠములను ఒకరు చదువుచుండ తక్కినవారు వ్రాసికొనెడివారము. రెండేండ్ల కొకమారు ఠాకురాణీ యాత్ర వచ్చినచో తరగతి సగము ఖాళీయే. ఆ యాత్రను నడపునది తెలుగు నేతవారే గదా! వీధిలో ఒడియా స్నేహితులతో ఆడుచు వారి భాష నేర్చితిమి. బడిలో ఒడియా పండితులు దానికి వ్రాత నేర్పిరి. ఆ వ్రాతయే పిమ్మట కచేరీలలో మాకు అన్నము పెట్టినది. కచేరీలో ఒడియాలో అర్జీలు వ్రాసి, ఇంటికి వచ్చి బంధువులకు తెలుగులో జాబులు వ్రాసితిమి. ఒక భాష వలన రెండవదానికి నష్టము కలుగలేదు.

నేటి స్థితి వేరు. మన ఇండ్లలో పిల్లలు తెలుగు మాటలాడుదురు, చదువలేరు. ఈ సంచికలోని వ్యాసములను పెద్దవారు చదివి వినిపింపవలసిన ఇండ్లు చాల గలవు. ఆంగ్లమాధ్యమమున చేర్పించిన తలిదండ్రులను మేము నిందింపము. ఉద్యోగముల చింత మాకును తెలియును. ఒడిశా బోర్డు పరీక్షలో తెలుగును మొదటి భాషగా తీసికొను వీలు కలదని మాత్రము మరువరాదు. ఆ వీలు కాగితముమీద మిగులుటయా, తరగతిగదిలో మిగులుటయా అనునది మన చేతిలోనున్నది. అడుగువారు లేని ఉపాధ్యాయుని ఏ ప్రభుత్వమును నియమింపదు. ఒకసారి పోయిన ఉద్యోగము తిరిగి వచ్చుట యెంత కష్టమో కచేరీలో పనిచేసినవారికి చెప్పనక్కరలేదు.

కావున మన కుటుంబములవారికి మా విన్నపము ఒక్కటే. పిల్లలను బడిలో చేర్చునపుడు మాతృభాష గడిలో తెలుగని స్పష్టముగా వ్రాయించండి. తెలుగు తరగతి యున్నచోట అందు చేర్చండి. లేనిచోట పొరుగు ఇండ్లవారితో కలిసి పది పేర్లు సేకరించి, బడి తెరువకమునుపే అర్జీ యిండు. అర్జీ వ్రాయుట రానివారు మా తరగతివారిలో ఎవరి నడిగినను వ్రాసి యిచ్చెదము. ఆ పని మాకు అలవాటైనదే.