రాజు చేసిన లిపి, ఇల్లాళ్లు నిలిపిన లిపి

కొరియన్ సీరియళ్లు చూసి ఆ భాష మీద మనసు పడ్డ పిల్లలు మన ఊళ్లలోనూ తక్కువేం లేరు. వాళ్లు ముందుగా నేర్చుకునేది హంగుల్ లిపి. శ్రద్ధగా కూర్చుంటే నాలుగు రోజుల్లో కూడబలుక్కుని చదవడం వచ్చేస్తుంది. అంత సులువుగా రావాలనే దాన్ని అలా తయారుచేశారు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేశారో స్పష్టంగా తెలిసిన లిపులు ప్రపంచంలో చాలా అరుదు.

15వ శతాబ్దం దాకా కొరియాలో చదువంటే చైనా లిపే. వేల గుర్తులు కంఠతా పట్టాలి. అంత తీరిక కలిగిన ఇళ్ల మగపిల్లలకే ఉండేది. పైగా ఆ గుర్తులు కొరియన్ నుడికి అమరవు. కొరియన్‌లో మన తెలుగులాగే క్రియ వాక్యం చివర వస్తుంది. మర్యాద చాలావరకు ఆ క్రియ చివర చేరే ముక్కలోనే ఉంటుంది. తమ్ముణ్ని ‘తిన్నావా’ అనీ, మామగారిని ‘తిన్నారా’ అనీ అడుగుతాం కదా, అచ్చం అలాగే. ఎదురుపడితే అన్నం తిన్నారా అని పలకరించడం అక్కడా ఉంది. ఆ చివరి ముక్కను సాఫీగా రాసే వీలు చైనా గుర్తుల్లో లేదు.

చోసన్ వంశంలో నాలుగో రాజు సెజోంగ్ (పాలన 1418–1450) ఈ లోటు పూడ్చాడు. 1443 చివర్లో 28 అక్షరాలు సిద్ధం చేసి, 1446లో లోకానికి ప్రకటించాడు. ఒక్కసారి నెమ్మదిగా ‘న’ అని చూడండి. నాలుక కొన లేచి పైపళ్ల వెనక తగులుతుంది. పక్కనుంచి చూస్తే నాలుక ఎలా వంగుతుందో అదే కొరియన్ ‘న’ ఆకారం: ఒక నిలువు గీత, దాని అడుగున ఒక అడ్డగీత. దానికి పైన మరో గీత చేరిస్తే ‘త’, ఇంకొకటి చేరిస్తే ఒత్తి పలికే ‘థ’. ‘క’ గుర్తు నాలుక మొదలు గొంతును మూసే తీరుకు బొమ్మ. ‘మ’ మూసిన నోటికి గుర్తుగా గీసిన చదరం. అచ్చులకు ఆకాశానికి చుక్క, నేలకు అడ్డగీత, మనిషికి నిలువుగీత పెట్టుకుని, వాటినే కలిపి అన్నీ పుట్టించాడు. ఈనాటి సెల్‌ఫోన్లలో ‘చొన్‌జీఇన్’ అనే కీబోర్డు ఉంది. అందులోనూ అచ్చులన్నిటికీ ఆ మూడే మీటలు.

కంఠ్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు అని శబ్దాలను విడదీయడం మనకు పలకా బలపం నాటి సంగతి. ఆ విద్య బౌద్ధంతో పాటు మన దేశం నుంచి చైనా చేరి, అక్కడి శబ్దశాస్త్రాన్ని తీర్చిదిద్దింది. సెజోంగ్ ఆ చైనా గ్రంథాలను గట్టిగా చదివినవాడు. మన పెద్దలు ఆ తర్కాన్ని అక్షరాల వరసలో పెడితే, ఆయన ఏకంగా అక్షరాల ఆకారంలోనే పెట్టాడు. నాకు ఆయన మీద గౌరవం అక్కడే రెట్టింపైంది.

పండితులు ఊరుకోలేదు. 1444లో చ్వే మల్లి అనే ఆస్థాన విద్వాంసుడు, మరికొందరు కలిసి చైనా లిపిని వదలడం అనాగరికమంటూ విన్నపం పెట్టారు. రాజు వాళ్లను ఒకరోజు ఖైదులో ఉంచి వదిలేశాడు. కానీ ఆ తర్వాత నాలుగు శతాబ్దాల పైగా ప్రభుత్వ రాతకోతలు చాలావరకు చైనా లిపిలోనే సాగాయి. 1504లో యొన్‌సాన్ అనే రాజు, తనను తిడుతూ ఆకాశరామన్న ఉత్తరాలు వచ్చాయని, ఈ లిపిని నిషేధించాడు కూడా. దాన్ని బతికించిన వాళ్లలో ముందు చెప్పుకోవలసింది ఆడవాళ్ల గురించే.

1998లో ఆండోంగ్ పట్టణంలో ఇళ్ల స్థలాల కోసం పాత సమాధులు కదిలిస్తుండగా, 1586లో 31 ఏళ్లకే పోయిన ఒకాయన భౌతికకాయంతో పాటు ఒక ఉత్తరం దొరికింది. రాసింది భార్య. తల నెరిసేదాకా కలిసుందామన్నావు, మమ్మల్ని ఎవరికి వదిలి వెళ్లావని నిలదీసింది. అప్పటికి ఆమె కడుపుతో ఉంది. కాగితం నిండిపోతే పక్కకు తిప్పి అంచుల్లో రాసింది. తన వెంట్రుకలు కలిపి అల్లిన చెప్పులు ఆ పక్కనే పెట్టింది. ఆమె పేరు ఎవరికీ తెలియదు. బిడ్డ పేరు పెట్టి ‘వోన్ వాళ్లమ్మ’ అంటున్నారు. ఆ దుఃఖం చైనా లిపిలో రాయవలసి వస్తే మనదాకా వచ్చేదే కాదు.

1670 ప్రాంతంలో జాంగ్ గ్యెహ్యాంగ్ అనే పెద్దావిడ, డెబ్బై దాటిన వయసులో, 146 వంటకాలతో హంగుల్‌లో పుస్తకం రాసింది. కూతుళ్లు నకలు రాసుకోవచ్చు గానీ పుస్తకం మాత్రం పట్టుకుపోకూడదని చివర్లో కట్టడి చేసింది. ఎర్రటి కిమ్చీకి అలవాటుపడ్డ మనకు ఆశ్చర్యం కలిగించే విషయం, ఆ వంటల్లో ఎక్కడా మిరపకాయ లేదు. అప్పటికింకా అది కొరియా వంటింట్లో కుదురుకోలేదు.

1894 సంస్కరణలతో లిపికి ప్రభుత్వ గౌరవం దక్కింది. 1896లో సొ జేపిల్ స్థాపించిన ‘తొంగ్నిప్ షిన్మున్’ పత్రికలో కొరియన్ పుటలు పూర్తిగా ఈ లిపిలోనే, మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఇస్తూ వెలువడ్డాయి. ‘హంగుల్’ అన్న పేరు 1910ల్లో వచ్చింది. అప్పటికే జపాన్ పాలన. అక్షరాల ఆకారాలను వివరించే 1446 నాటి మూలగ్రంథం 1940లో ఆండోంగ్‌లోనే బయటపడింది. అంతదాకా ఇవి కిటికీ చట్రాలు చూసి గీసినవన్న ఊహలు కూడా ఉండేవి. చొన్ హ్యొంగ్‌పిల్ అనే కళాఖండాల సేకరణకర్త ఆ గ్రంథాన్ని కొని, స్వాతంత్ర్యం వచ్చేదాకా గుట్టుగా దాచాడు.

1942లో కొరియన్ నిఘంటువు కూరుస్తున్న భాషా సంఘం పండితులను జపాన్ పాలకుల పోలీసులు పట్టుకుపోయారు. ఇద్దరు జైల్లోనే చనిపోయారు. రాతప్రతి మాయమైంది. 1945 సెప్టెంబరులో, దేశం విడుదలైన కొన్ని వారాలకే, అది సియోల్ రైల్వేస్టేషన్ గోదాములో కనిపించింది. మొదటి సంపుటి 1947లో, చివరిదైన ఆరోది 1957లో వచ్చాయి. సెలవులకు ఊరెళ్లిన విద్యార్థులు ఇంటా వీధిలో విని రాసుకొచ్చిన పల్లె మాటలు కూడా ఆ కూర్పు కోసం పోగుచేసినవాటిలో ఉన్నాయి.